లివర్ క్యాన్సర్ తిరగబెట్టినప్పుడు కాలేయ మార్పిడి: తరచుగా అడిగే ప్రశ్నలు

లివర్‌లో గడ్డకు ఆపరేషనో, సూదితో వేడి పెట్టి గడ్డను మాడ్చే అబ్లేషనో చేయించుకుని, గండం గడిచిందనుకుంటున్న సమయంలో ఫాలోఅప్ స్కాన్‌లో మళ్లీ ఏదో కనిపించిందంటే ఇంటిల్లిపాదికీ టెన్షన్ మొదలవుతుంది. ఆ దశలో ఉన్న పేషెంట్ల కోసం, వాళ్ల వెంట ఆసుపత్రికి తిరిగే కుటుంబ సభ్యుల కోసం ఈ ప్రశ్నలు, జవాబులు. ఇక్కడ ముఖ్యంగా మాట్లాడుతున్నది కాలేయంలోనే పుట్టే హెపటోసెల్యులర్ కార్సినోమా గురించి. డాక్టర్లు దీన్ని హెచ్‌సీసీ అంటారు. వేరే అవయవం నుంచి లివర్‌కు పాకిన క్యాన్సర్ సంగతి వేరు. దాని గురించి కింద ఒక ప్రశ్న ఉంది.

గడ్డ మొత్తం తీసేశామన్నారు కదా, మళ్లీ ఎలా వచ్చింది?

ఆపరేషన్ సరిగ్గా జరగలేదేమోనని చాలామంది అనుమానపడతారు. ఎక్కువ సందర్భాల్లో అది నిజం కాదు. హెచ్‌సీసీకి ఉన్న స్వభావమే అంత. కణితి ఉన్న భాగాన్ని కోసి తీసేసిన వాళ్లలో 5 ఏళ్లలోపు 70 శాతం వరకు మళ్లీ వస్తుంది.

అది రెండు రకాలుగా వస్తుంది. మొదటి రకంలో, పాత కణితి నుంచి కంటికి కనిపించని కణాలు ఆపరేషన్‌కు ముందే చిన్న రక్తనాళాల గుండా లివర్‌లోని వేరే చోటికి చేరి ఉంటాయి. అవి పెరిగి సాధారణంగా మొదటి 2 ఏళ్లలో బయటపడతాయి. రెండో రకంలో పాత కణితితో సంబంధమే ఉండదు. హెపటైటిస్ బి, సి, మద్యం, ఫ్యాటీ లివర్ వంటి కారణాలతో ఏళ్ల తరబడి దెబ్బతిన్న లివర్ ఇంకో చోట కొత్త కణితిని పుట్టిస్తుంది. 2 ఏళ్లు దాటాక వచ్చేవాటిలో ఎక్కువ భాగం ఇవే.

మీకు వచ్చింది ఏ రకమో డాక్టర్‌ని తప్పకుండా అడగండి. ఆలస్యంగా వచ్చిన కొత్త కణితికి మార్పిడి చేస్తే ఫలితాలు మెరుగ్గా ఉంటాయి. ఆపరేషన్ అయిన కొద్ది నెలలకే, అదీ ఒకేసారి చాలా చోట్ల వస్తే, ఆ క్యాన్సర్ దూకుడు మీద ఉందని అర్థం. అలాంటప్పుడు వెంటనే మార్పిడికి వెళ్లడం మంచిది కాకపోవచ్చు.

మిగతా చికిత్సల కంటే మార్పిడిలో ఉన్న ప్రత్యేకత ఏమిటి?

కోత, అబ్లేషన్, టేస్ (రక్తనాళం ద్వారా కణితిలోకి కీమో మందు పంపి, దానికి రక్తం అందకుండా మూసేయడం), రేడియేషన్ అన్నీ కణితికి చేసే వైద్యాలు. కణితిని పుట్టించిన సిర్రోసిస్ (మచ్చలు పడి గట్టిపడిన) లివర్ మాత్రం లోపల అలాగే ఉంటుంది. మార్పిడిలో కణితి, స్కాన్‌కు అందని సూక్ష్మ కణితులు, పాడైన లివర్ అన్నీ కలిసి బయటికి వచ్చేస్తాయి. పొట్టలో నీరు చేరడం, కామెర్లు, రక్తపు వాంతులు వంటి సిర్రోసిస్ బాధలు కూడా దానితోనే తీరతాయి. అయితే లివర్ దాటి బయటికి వెళ్లిపోయిన కణాలను మాత్రం మార్పిడి ఏమీ చేయలేదు. ఎవరికి చేయాలి, ఎవరికి చేయకూడదు అన్న నిర్ణయమంతా చివరికి దీని మీదే ఆధారపడుతుంది.

తిరగబెట్టిన వాళ్లందరికీ చేస్తారా?

చేయరు. దీని వెనుక చేదు అనుభవం ఉంది. సర్జన్ థామస్ స్టార్జల్ 1963లో అమెరికాలోని డెన్వర్‌లో మనిషికి మొదటిసారి కాలేయ మార్పిడి చేశారు. 1967లో ఆయన చేతిలోనే ఒక పసిపాపకు మొదటిసారి విజయవంతమైంది. ఆ పాప ఏడాదికి పైగా బతికింది కానీ, చివరికి లివర్ క్యాన్సర్ తిరగబెట్టే ప్రాణం తీసింది. ఆ తర్వాతి ఏళ్లలో పెద్ద పెద్ద కణితులున్న వాళ్లకు చేసిన మార్పిడుల్లోనూ ఇలాగే జరగడంతో, క్యాన్సర్‌కు మార్పిడి పనికిరాదని చాలామంది తీర్మానించేశారు.

ఆ ఆలోచనను మార్చింది ఇటలీలోని మిలాన్ నగరంలో విన్‌చెంజో మజ్జాఫెర్రో బృందం 1996లో ప్రచురించిన 48 మంది పేషెంట్ల అధ్యయనం. చిన్న కణితులున్న వాళ్లనే ఎంచుకుని మార్పిడి చేస్తే 4 ఏళ్ల తర్వాత 75 శాతం మంది బతికే ఉన్నారు. అప్పుడు పెట్టుకున్న హద్దులనే ఇప్పటికీ మిలాన్ ప్రమాణాలు అంటున్నారు. ఒకే కణితి అయితే 5 సెంటీమీటర్లకు మించకూడదు. ఎక్కువ ఉంటే మూడింటికి మించకూడదు, వాటిలో ఏదీ 3 సెంటీమీటర్లు దాటకూడదు. పెద్ద రక్తనాళాల్లోకి కణితి పాకి ఉండకూడదు. లివర్ బయట ఎక్కడా క్యాన్సర్ ఉండకూడదు.

తిరగబెట్టిన క్యాన్సర్‌కూ ఎక్కువ కేంద్రాలు ఇదే కొలత వాడతాయి. మొదటిసారి కణితి ఎంత ఉండేదన్నది కూడా చూస్తారు. ముఖ్యంగా అప్పుడు తీసిన ముక్కను మైక్రోస్కోప్ కింద చూసి ఇచ్చిన పెథాలజీ రిపోర్టును జాగ్రత్తగా చదువుతారు.

మాది మిలాన్ హద్దు దాటింది. ఇక దారి మూసుకుపోయినట్టేనా?

మూసుకుపోలేదు. మిలాన్ కొలత మరీ బిగుతుగా ఉందని వాదించిన వాళ్లు కొంచెం వెసులుబాటుతో వేరే హద్దులు ప్రతిపాదించారు. శాన్‌ఫ్రాన్సిస్కో బృందం 2001లో చెప్పిన లెక్కలో ఒకే కణితి 6.5 సెంటీమీటర్ల వరకు ఉండొచ్చు. మూడు వరకు ఉంటే, పెద్దది 4.5 సెంటీమీటర్లు, అన్నీ కలిపి 8 సెంటీమీటర్లు మించకూడదు. 2009లో వచ్చిన ‘అప్ టు సెవెన్’ లెక్క ఇంకా సులువు. పెద్ద కణితి సైజుకు (సెంటీమీటర్లలో) కణితుల సంఖ్య కలిపితే 7 దాటకూడదు.

ఇంకో మార్గం డౌన్‌స్టేజింగ్. అంటే టేస్, అబ్లేషన్, వై-90 (రక్తనాళం ద్వారా లివర్‌లోకి రేడియేషన్ రేణువులు పంపడం) వంటి వాటితో కణితిని హద్దులోకి కుదించి, అది అలాగే నిలబడితే అప్పుడు మార్పిడి చేయడం. ఇటలీలో జరిగిన ఎక్స్‌ఎక్స్‌ఎల్ ట్రయల్ ఫలితాలు 2020లో వచ్చాయి. డౌన్‌స్టేజింగ్‌కు బాగా స్పందించిన వాళ్లలో మార్పిడి చేసిన వర్గంలో 5 ఏళ్లకు 77.5 శాతం మంది బతికి ఉంటే, మార్పిడి లేకుండా ఇతర చికిత్సలే కొనసాగించిన వర్గంలో 31.2 శాతం మందే ఉన్నారు. ఇంత తేడా క్యాన్సర్ ట్రయల్స్‌లో అరుదు. అందుకే, హద్దు దాటిందని ఒకచోట అన్నంత మాత్రాన ఆగిపోవద్దని నా గట్టి అభిప్రాయం. ‘కుదించే అవకాశం ఉందా’ అని అడగండి.

ఏఎఫ్‌పీ రక్తపరీక్షకు అంత ప్రాధాన్యం ఎందుకు?

కణితి ఎంత పెద్దదో స్కాన్ చెబుతుంది. అది ఎంత చురుగ్గా ఉందో, లివర్ కణితులు రక్తంలోకి వదిలే ఏఎఫ్‌పీ అనే ప్రోటీన్ కొంతవరకు చెబుతుంది. సైజు చిన్నదే అయినా ఏఎఫ్‌పీ బాగా ఎక్కువగా ఉంటే మార్పిడి తర్వాత తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ. అమెరికాలో దానంగా వచ్చిన లివర్ల కేటాయింపు నిబంధనల్లో ఇది మిల్లీలీటరుకు 1000 నానోగ్రాములు దాటిన వాళ్లు చికిత్సతో 500 కంటే కిందికి తెచ్చుకున్నాకే, వెయిటింగ్ లిస్టులో ముందుకు జరిపే అదనపు పాయింట్లు అడగగలరు. ఒక్క రిపోర్టు కంటే వరుసగా కొన్ని నెలల అంకెలు చూడటం ముఖ్యం. కొందరిలో కణితి ఉన్నా ఏఎఫ్‌పీ మామూలుగానే ఉంటుంది కాబట్టి స్కాన్‌ను మాత్రం మానకూడదు.

డాక్టర్ ‘మూణ్నాలుగు నెలలు గమనిద్దాం’ అంటున్నారు. ఈలోగా క్యాన్సర్ పెరిగిపోదా?

అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టే ప్రశ్న ఇదే. క్యాన్సర్ అని తెలిశాక ఒక్కరోజు ఆగాలన్నా మనసొప్పదు. కానీ ఈ ఆగడానికి గట్టి కారణం ఉంది.

కొన్ని కణితులు నెమ్మదిగా పెరుగుతాయి, చికిత్సకు లొంగుతాయి. కొన్ని వారాల్లోనే రక్తనాళాల్లోకి దూసుకుపోతాయి. మొదటి స్కాన్‌లో రెండూ ఒకేలా కనిపించొచ్చు. రెంటి తేడా తెలియాలంటే కొంత కాలం గడవాలి. దూకుడుగా ఉన్న కణితికి హడావుడిగా మార్పిడి చేసి, ఆపైన రిజెక్షన్ (శరీరం కొత్త లివర్‌ను తిప్పికొట్టడం) రాకుండా రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు మొదలుపెడితే, బయట దాక్కున్న కణాలు ఇంకా త్వరగా పెరగొచ్చు. అందుకే అమెరికాలో 2015 నుంచి హెచ్‌సీసీ పేషెంట్లకు అదనపు పాయింట్లు ఇచ్చే ముందు 6 నెలల గడువు పెట్టారు.

అయితే గమనించడమంటే చేతులు కట్టుకుని కూర్చోవడం కాదు. ఆ వ్యవధిలో టేస్, అబ్లేషన్ లాంటి చికిత్స ఏదో ఒకటి జరగాలి, సుమారు 3 నెలలకోసారి స్కాన్ ఉండాలి. దీన్ని బ్రిడ్జింగ్ అంటారు. ఏ చికిత్సా లేకుండా, తర్వాతి స్కాన్ తేదీ కూడా చెప్పకుండా ‘చూద్దాం’ అంటే మాత్రం మీరు గట్టిగా అడగాల్సిందే.

ఇంకోసారి కోసి తీసేస్తేనో, అబ్లేషన్ చేస్తేనో సరిపోదా?

కొందరికి సరిపోతుంది. లివర్ పనితీరు బాగుండి, 2 సెంటీమీటర్ల లోపు ఒకే కణితి అయితే అబ్లేషన్‌తో చక్కటి ఫలితం వస్తుంది. దాత దొరకడం కష్టమైన చోట అదే తెలివైన నిర్ణయం. లివర్ పనితీరు తగ్గిపోయినా, కణితులు మళ్లీ మళ్లీ వస్తున్నా మార్పిడి గురించి ఆలోచించాలి.

ఇక్కడ ఒక విషయం తరచూ దెబ్బతీస్తుంది. మొదట అబ్లేషన్, తర్వాత టేస్, మళ్లీ టేస్, ఆ తర్వాత మాత్రలు అంటూ ఒక్కో మెట్టూ దిగుతూ పోయి, అన్నీ అయిపోయాక చివర్లో మార్పిడి కేంద్రానికి పంపుతారు. అప్పటికి లివర్‌కు రక్తం తెచ్చే పోర్టల్ సిరలోకి కణితి పాకి ఉంటుంది. తిరగబెట్టిందని తెలిసిన మొదటిసారే మార్పిడి బృందంతో ఒకసారి మాట్లాడండి. వాళ్లు ‘ఇప్పుడు అక్కర్లేదు’ అన్నా నష్టం లేదు. మీ ఫైలు వాళ్ల దగ్గర ఉంటుంది, ఏ దశలో మళ్లీ రావాలో మీకు తెలుస్తుంది.

మొదట్లోనే మార్పిడి చేయించుకుని ఉంటే బాగుండేదా? మేం తప్పు చేశామా?

మీరు తప్పు చేయలేదు. లివర్ పనితీరు బాగున్న వాళ్లకు ముందు కణితిని కోసి తీసేసి, తిరగబెడితే అప్పుడు మార్పిడి చేయడం ఒక గుర్తింపు పొందిన పద్ధతి. దీన్ని సాల్వేజ్ ట్రాన్స్‌ప్లాంట్ అంటారు. 2000 సంవత్సరంలో మజ్నో బృందం దీన్ని ప్రతిపాదించింది. తిరగబెట్టని వాళ్లకు అసలు మార్పిడే అవసరం రాదు, ఆ లివర్ ఇంకొకరి ప్రాణం కాపాడుతుంది. ఇందులో ఉన్న లోపం ఒకటే: తిరగబెట్టినప్పుడు మార్పిడికి వీలయ్యే దశ దాటిపోయిన వాళ్లూ ఉంటారు. అందుకే కోత తర్వాత స్కాన్లు మానకుండా చేయించుకోవడం అంత ముఖ్యం. కోసిన ముక్కలో సూక్ష్మ రక్తనాళాల్లోకి పాకిన గుర్తులు కనిపిస్తే, తిరగబెట్టేదాకా ఆగకుండా ముందే మార్పిడికి నమోదు చేసే కేంద్రాలు కూడా ఉన్నాయి.

పొట్టలో ఒకసారి ఆపరేషన్ అయ్యాక మార్పిడి కష్టమవుతుందా?

కొంత కష్టమే. పాత కోత దగ్గర పేగులు, లివర్ అతుక్కుపోయి ఉంటాయి. వాటిని విడదీయడానికి సమయం పడుతుంది, రక్తం ఎక్కువ పోవచ్చు. మొదటి ఆపరేషన్ ల్యాపరోస్కోపీలో జరిగి ఉంటే అతుకులు తక్కువ. అనుభవమున్న బృందం చేతిలో సాల్వేజ్ మార్పిడి ఫలితాలు మామూలు మార్పిడికి దగ్గరగానే ఉంటాయి.

ఇప్పటికే ఇమ్యునోథెరపీ నడుస్తోంది. మార్పిడికి వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు, కానీ మధ్యలో విరామం కావాలి. అటెజోలిజుమాబ్, నివోలుమాబ్ వంటి మందులు క్యాన్సర్ మీదికి మన రోగనిరోధక కణాలను ఉసిగొల్పుతాయి. వాటి ప్రభావం శరీరంలో ఉండగానే కొత్త లివర్ పెడితే, అవే కణాలు దాని మీద పడి తీవ్రమైన రిజెక్షన్ రావొచ్చు. ఆఖరి డోసు తర్వాత ఎన్ని వారాలు ఆగాలో మార్పిడి బృందం మందును బట్టి చెబుతుంది. మీ ఆంకాలజిస్టు, మార్పిడి సర్జన్ ఒకరితో ఒకరు మాట్లాడుకునేలా మీరే పట్టుబట్టండి. మార్పిడి అయ్యాక ఈ మందులు వాడటం ఇంకా ప్రమాదకరం. కొత్త లివర్‌నే కోల్పోయిన సందర్భాలు ఉన్నాయి.

లివర్ ఎవరిస్తారు?

బ్రెయిన్ డెత్ అయిన వ్యక్తి కుటుంబం అంగీకరిస్తే మొత్తం లివర్ వస్తుంది. లేదా ఆరోగ్యంగా ఉన్న దగ్గరివాళ్లు తమ లివర్‌లో కొంత భాగం ఇస్తారు.

మొదటి దారిలో వెయిటింగ్ లిస్టు ఉంటుంది. చాలా దేశాల్లో వరుస మెల్డ్ స్కోరును బట్టి నడుస్తుంది. బిలిరుబిన్, క్రియాటినిన్, ఐఎన్‌ఆర్ వంటి రక్తపరీక్షల అంకెలతో లివర్ ఎంత పాడైందో లెక్కగట్టే స్కోరు ఇది. క్యాన్సర్ పేషెంట్లలో చాలామందికి లివర్ పనితీరు బాగానే ఉండటంతో మెల్డ్ తక్కువ వస్తుంది, వరుసలో వెనకబడతారు. అందుకే వాళ్లకు అదనపు పాయింట్లు ఇచ్చే పద్ధతి ఉంది. తిరగబెట్టిన కేసులకు ఈ పాయింట్లు ఎలా వర్తిస్తాయో మీ ప్రాంతపు నిబంధనలను బట్టి ఉంటుంది. ఆసుపత్రిలోని మార్పిడి కోఆర్డినేటర్‌ని అడిగి రాతపూర్వకంగా తెలుసుకోండి.

ఇంట్లోవాళ్లు ఇస్తామంటున్నారు. వాళ్లకు ప్రమాదం ఎంత?

తక్కువే కానీ ఉంది. దాని గురించి దాతకు ఎవరూ దాచకూడదు. పెద్దవాళ్లకు సాధారణంగా దాత లివర్ కుడి లోబ్ (కుడివైపు భాగం) తీస్తారు. అది లివర్‌లో 60 శాతానికి పైగా ఉంటుంది. దాత దగ్గర కనీసం 30 నుంచి 35 శాతం మిగలాలి. మిగిలిన భాగం మొదటి వారాల్లో వేగంగా పెరిగి, కొన్ని నెలల్లో దాదాపు పూర్వపు పరిమాణానికి వస్తుంది. కుడి లోబ్ ఇచ్చిన దాతల్లో ప్రాణాపాయం 1000 మందిలో సుమారు 2 నుంచి 5 అని చెబుతారు. పిత్తం కారడం, ఇన్ఫెక్షన్, కోత దగ్గర హెర్నియా వంటి సమస్యలు దానికంటే చాలా ఎక్కువ మందిలో వస్తాయి, చాలావరకు నయమవుతాయి.

దాతను పేషెంటుకు సంబంధం లేని డాక్టర్ ఒంటరిగా కూర్చోబెట్టి మాట్లాడాలి. ‘నీవల్లే బతకాలి’ అన్న ఒత్తిడి కింద ఒప్పుకున్న కొడుకో, కోడలో, చెల్లెలో ఆ గదిలో వద్దనగలగాలి. వద్దంటే ఆసుపత్రి వాళ్లు అసలు కారణం బయటపెట్టకుండా, దాతగా సరిపోలేదని మాత్రమే ఇంట్లోవాళ్లకు చెబుతారు. కుటుంబ పెద్దలు ఈ స్వేచ్ఛ ఉండనివ్వాలని వేడుకుంటున్నాను.

ఇంట్లోవాళ్లే ఇస్తున్నారు కదా, హద్దులు సడలించొచ్చు కదా అని కూడా అడుగుతారు. వెయిటింగ్ లిస్టులో ఇంకొకరి వంతు పోదు కాబట్టి కొన్ని కేంద్రాలు కొంత సడలిస్తాయి. ఎంతవరకు అన్నదానికి నా లెక్క ఒకటే: తిరగబెట్టే అవకాశమే ఎక్కువగా ఉన్నప్పుడు ఆరోగ్యవంతుడి పొట్ట కోయడం న్యాయం కాదు.

మార్పిడికి ముందు ఏ పరీక్షలు ఉంటాయి?

పొట్టకు మూడు దశల సీటీ లేదా ఎంఆర్ఐ, ఛాతీ సీటీ, చాలా చోట్ల ఎముకల స్కాన్, కొందరికి పెట్ స్కాన్. గుండె, ఊపిరితిత్తులు, కిడ్నీల పరీక్షలు. పళ్లు కూడా చూస్తారు, ఇన్ఫెక్షన్ ఎక్కడా దాగి ఉండకూడదని. సిర్రోసిస్ ఉన్నవాళ్లలో స్కాన్ లక్షణాలు స్పష్టంగా ఉంటే బయాప్సీ అక్కర్లేదు.

వయసు అడ్డమా?

వయసు ఒక్కటే అడ్డం కాదు. 70 దగ్గర పడ్డవాళ్లకూ చేస్తున్నారు. గుండె, కండబలం, నడవగలిగే శక్తి ఎక్కువగా చూస్తారు.

మార్పిడి తర్వాత క్యాన్సర్ మళ్లీ వస్తుందా?

రావొచ్చు. హద్దుల్లో ఉన్నవాళ్లలో సుమారు 10 నుంచి 15 శాతం మందికి వస్తుంది, ఎక్కువగా మొదటి 2, 3 ఏళ్లలో. ఊపిరితిత్తులు, ఎముకలు, కొత్త లివర్ దానికి సాధారణ చోట్లు. తీసేసిన పాత లివర్‌ను పెథాలజిస్టు ముక్కలుగా పరీక్షించి ఇచ్చే రిపోర్టు ఇక్కడ చాలా ముఖ్యం. 2017లో వచ్చిన రిట్రీట్ స్కోరు ఆ రిపోర్టులోని రెండు వివరాలు, మార్పిడి నాటి ఏఎఫ్‌పీ కలిపి లెక్క వేస్తుంది. స్కోరు సున్నా అయిన వాళ్లలో 5 ఏళ్లలో 3 శాతం మందికే తిరగబెట్టింది. 5 లేదా అంతకంటే ఎక్కువ వచ్చిన వాళ్లలో అది 75 శాతం. స్కోరును బట్టి స్కాన్లు ఎంత దగ్గర దగ్గరగా తీయాలో నిర్ణయిస్తారు.

అలా వస్తే రెండోసారి మార్పిడి చేయరు. అప్పటికి క్యాన్సర్ రక్తంలో తిరిగి వచ్చినట్టే కాబట్టి లివర్ మార్చినా ఆగదు. ఒకటి రెండు చోట్లే ఉంటే కోసి తీసేయడం, రేడియేషన్, లేకపోతే సొరాఫెనిబ్, లెన్వాటినిబ్ వంటి మాత్రలు వాడతారు. ఆలస్యంగా, ఒకే చోట వచ్చి ఆపరేషన్‌కు వీలైన వాళ్లు ఏళ్ల తరబడి బతికిన సందర్భాలు ఉన్నాయి.

రోగనిరోధక శక్తిని తగ్గించే మందులే క్యాన్సర్‌ను పెంచవా?

భయంలో కొంత నిజం ఉంది. రిజెక్షన్‌ను ఆపే ముఖ్యమైన మందు టాక్రోలిమస్ మోతాదు అవసరానికి మించితే తిరగబెట్టే ప్రమాదం పెరుగుతుంది. అందుకే రిజెక్షన్ రాకుండా ఎంత తక్కువ వీలైతే అంత తక్కువకు తెస్తారు. సిరోలిమస్, ఎవరోలిమస్ అనే మందులకు కణితి పెరుగుదలను అడ్డుకునే గుణం కొంత ఉంది. 2016లో వెలువడిన సిరోలిమస్ ట్రయల్‌లో మొదటి 3 నుంచి 5 ఏళ్లు లాభం కనిపించింది కానీ, ఆ తర్వాత నిలబడలేదు. గాయం మానడాన్ని ఇవి ఆలస్యం చేస్తాయి కనుక సాధారణంగా కొన్ని వారాలు ఆగి మొదలుపెడతారు. ఏది ఏమైనా భయంతో సొంతంగా మోతాదు తగ్గించుకోవడం, మానేయడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు. రిజెక్షన్ వస్తే లివర్ పోతుంది.

అసలు జబ్బు కొత్త లివర్‌కూ వస్తుందా?

హెపటైటిస్ బి ఉంటే టెనోఫోవిర్ లేదా ఎంటెకావిర్ మార్పిడి తర్వాత కూడా కొనసాగాలి. హెపటైటిస్ సి ఇప్పుడు మాత్రలతో 8 నుంచి 12 వారాల్లో 95 శాతానికి పైగా మందిలో పూర్తిగా పోతుంది. మద్యం మళ్లీ ముట్టకూడదు. ఫ్యాటీ లివర్ వాళ్లు బరువు, షుగర్ అదుపులో పెట్టుకోవాలి.

పెద్దపేగు క్యాన్సర్ లివర్‌కు పాకింది. మాకు మార్పిడి పనికొస్తుందా?

ఒకప్పుడు ఆ ఆలోచనే లేదు. ఇప్పుడు చాలా కొద్దిమందికి ఉంది. ట్రాన్స్‌మెట్ అనే ట్రయల్ ఫలితాలు 2024లో వచ్చాయి. కోతకు వీలులేని, లివర్‌కే పరిమితమైన, కీమోకు బాగా స్పందించిన పేషెంట్లను తీసుకుంటే, 5 ఏళ్లకు మార్పిడి, కీమో రెండూ కేటాయించిన వర్గంలో సుమారు 57 శాతం, కీమో ఒక్కటే కేటాయించిన వర్గంలో 13 శాతం బతికి ఉన్నారు. ఎంపిక చాలా కఠినంగా జరిగింది. అసలు పేగు కణితిని ముందే పూర్తిగా తీసేసి ఉండాలి.

మార్పిడికి తగమని చెప్పారు. ఇప్పుడేం చేయాలి?

‘ఎప్పటికీ తగమా, ఇప్పుడు తగమా?’ అని అడగండి. కణితి సైజు, ఏఎఫ్‌పీ కారణమైతే చికిత్సతో మారే అవకాశం ఉంది. లివర్ బయటికి పాకిందంటే ఇప్పుడున్న వైద్యంలో మార్పిడి మేలు చేయదు. అప్పుడు ఇమ్యునోథెరపీ, మాత్రలు, రేడియేషన్‌తో జబ్బును అదుపులో పెట్టే ప్రయత్నం జరుగుతుంది. నొప్పి, ఆకలి, నిద్ర చూసుకునే పాలియేటివ్ కేర్ బృందాన్ని కూడా ఆ రోజు నుంచే కలవండి.

ఇంకో చోట రెండో అభిప్రాయానికి వెళ్తే ఏం తీసుకెళ్లాలి?

రిపోర్టు కాగితాలు ఒక్కటే చాలవు, అన్ని స్కాన్ల సీడీలు కావాలి. వాళ్ల రేడియాలజిస్టు బొమ్మలను స్వయంగా చూడాలి. మొదటి ఆపరేషన్ నోట్సు, పెథాలజీ రిపోర్టు, వీలైతే ఆ స్లైడ్లు తీసుకెళ్లండి. ఏఎఫ్‌పీ అంకెలన్నీ తేదీలతో ఒక కాగితం మీద రాయండి. టేస్, అబ్లేషన్, ఇమ్యునోథెరపీ ఏది ఏ తేదీన జరిగిందో అదే కాగితం మీద వరుసగా ఉండాలి. వాడుతున్న మందుల పేర్లు, మోతాదులు రాసి పెట్టుకోండి. దాతగా ముందుకొచ్చిన వాళ్ల బ్లడ్ గ్రూపు, ఎత్తు, బరువు తెలిసి ఉంటే మొదటి రోజే చాలా పని ముందుకు సాగుతుంది.